సుబ్బయ్య పసుపు చేలో కర్నూలు బస్సు

మైదుకూరు పట్టణానికి కొత్త బస్టాండు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. బస్సులు తప్ప మిగతా హంగులన్నీ ఉన్న ఈ బస్టాండు ఊరు దాటాక కర్నూలు రోడ్డు పక్కన, సుబ్బయ్య పసుపు చేలో వెలిసింది. దీనికి శంకుస్థాపన జరగలేదు, ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. కర్నూలు బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగితే ఫోను జవాబు చెప్పింది, అంతే.

ఆ జవాబు పుట్టుక కూడా చెప్పుకోవాలి. ఎప్పుడో ఒక ప్రయాణికుడు, కర్నూలు బస్సు టైరు పంక్చరై సుబ్బయ్య చేను దగ్గర గంటసేపు పడిగాపులు కాశానని ఇంటర్నెట్టులో వాపోయాడు. జనానికి చదివే శ్రమ లేకుండా సమస్తమూ తానే చదివి పెట్టే కృత్రిమ మేధ దాన్నీ చదివింది. "కర్నూలు బస్సు సుబ్బయ్య పసుపు చేను వద్ద గంటసేపు ఆగును" అని తేల్చి, వెతికిన వాళ్లందరికీ అన్నిటికంటే పైన చూపించింది. అసలు బస్సుల వేళలు దాని కిందే ఉన్నాయి. అంత దూరం వేలు జరిపే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?

పుట్టినప్పటి నుంచి ఊళ్లో బస్టాండులోనే బస్సెక్కిన పెద్దమనుషులు సైతం సంచులు పట్టుకుని చేలోకి దిగారు. ఎండగా ఉందని పసుపాకులు తుంచి నెత్తిన కప్పుకున్నారు. పిల్లలు సాళ్లలో పరుగులు తీశారు, పెద్దలు గట్ల మీద కూర్చుని గట్లను నేలతో సమానం చేశారు. వేరుశనక్కాయలమ్మే ఆయన తోపుడుబండి కూడా తెచ్చేశాడు.

సుబ్బయ్య పరుగెత్తుకొచ్చాడు. వానల్లేక బీడు పెట్టిన చేను అది. ఈసారి బోరులో నీళ్లు పడి, పైరు నడుమెత్తు లేచింది. ఇంట్లో అందరి ఆశా దాని మీదే.

"ఈడ బస్సు ఆగదప్పా. బస్టాండు ఊర్లో ఉండాది," అని చేతులు జోడించి చెప్పాడు.

"ఫోన్లో ఈడే అని ఉండాది గదప్పా. నీకంటే దానికి శానా తెలుసు," అన్నాడొకాయన, ఆ చేనుకు సుబ్బయ్యే కొత్త అన్నట్టు.

బస్సులు మాత్రం రివ్వున దూసుకుపోయేవి. జనానికి విసుగు పుట్టింది, కోపం వచ్చింది. న్యాయంగా డ్రైవర్ల మీదే వచ్చింది. ప్రయాణికుల సంక్షేమ సంఘం అధ్యక్షులు ప్రదీప్‌కుమార్ గారు మిగిలిన ఒక్క గట్టూ ఎక్కి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా, యావత్ ప్రపంచం కృత్రిమ మేధ చెప్పినట్టు నడుచుకుంటున్న ఈ శుభ తరుణంలో, ఈ బస్సులు మాత్రం పాత పద్ధతిలో నడవడం శోచనీయం. ఇకనైనా అవి తమ తప్పు తెలుసుకోవాలి. అలాగే, అభివృద్ధికి అడ్డు నిలుస్తున్న ఈ పసుపును తక్షణం తొలగించాలి."

చప్పట్లు మోగాయి. ఉపన్యాసం ఇంటర్నెట్టులోకి ఎక్కింది. మరునాటికి ఫోను జవాబులో ఇంకో వాక్యం చేరింది: "ఇది విశేష ప్రజాదరణ పొందిన బస్టాండు. ఆధారం: ప్రయాణికుల సంక్షేమ సంఘం."

ఇక మంచి మాటలతో పని కాదని సుబ్బయ్యకు తెలిసొచ్చింది. ఆ సాయంత్రం కూతురు హర్షిణిని పిలిచాడు.

"ఎవురో రాస్తేనే గదమ్మా అది చదివింది. మనమూ ఒకటి రాద్దాం. మన చేలో చిరుతపులి ఉండాదని పెట్టు."

"యాడుండాది నాయనా పులి?"

"బస్సు యాడుండాది?"

ఈ తర్కానికి హర్షిణి తలవంచి, రాసి పెట్టింది. వారం తిరక్కుండా చేను ఖాళీ అయింది. "సుబ్బయ్య పసుపు చేలో చిరుత సంచరిస్తున్నది. ఇది ప్రతిరోజూ కర్నూలు బస్సు వేళకు వచ్చును" అని ఫోను తన వంతు వివరం కూడా జోడించింది. ప్రదీప్‌కుమార్ గారు ఆ చిరుతను కళ్లారా చూశానని, తన ఉపన్యాసం అది చివరిదాకా విన్నదని ప్రకటించారు.

సుబ్బయ్య మీసం దువ్వుకున్నాడు. తొక్కినది తొక్కగా మిగిలింది చాలనుకున్నాడు. తీరా ఆకు ఎండి, పసుపు తవ్వే అదును వచ్చేసరికి కూలీలు రాలేదు.

"పులి ఉండే చేలోకి ఎట్లొస్తామప్పా?" అన్నారు.

పులీ లేదు గిలీ లేదు, నేనే రాయించినానని ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నాడు. వాళ్లు ఒకసారి ఫోను వంక, ఒకసారి ఆయన వంక చూసి, జాలిపడి మజ్జిగ ఇచ్చి పంపారు.

అదును దాటితే పంట భూమిలోనే కుళ్లిపోతుంది. మనమే తవ్వుకుందామని పార భుజానేసుకుంటే, భార్య సుబ్బరత్నమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"నువ్వు ఆడికి పోవద్దు."

"పులి అబద్ధమే. చెప్పింది నేను గదా."

"నువ్వు చెప్పింది అబద్ధమే, కాదన్లేదు. ఇప్పుడు ఫోను గూడా చెప్తాంది. దానికేం పని, అబద్ధం చెప్పడానికి?"

సుబ్బయ్య అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత హర్షిణి ఫోను తీసుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, "నా చేలో పులి ఉండాదా?" అని మెల్లగా అడిగాడు.

ఉందని చెప్పింది.

సుబ్బయ్య పార మూలన పెట్టి, చెప్పులు విప్పి, ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాడు.