ఎగురక్కా, ఎగురు!

పిల్లలకు వీడియో గేములు కొనివ్వని తల్లిదండ్రులను పట్టుకుని జైల్లో వేయాలి. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను!

అన్ని గేములూ కాదు. తుపాకులవీ, కార్లవీ మీ ఇష్టం. నేను చెప్పేది ఆ గెంతులాటల పార్టీ గేము గురించి. నలుగురు నాలుగు రిమోట్లు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. ఒకరు బాతు, ఒకరు కప్ప, మిగిలినవాళ్ళు ఇంకేవో. బుడగలు పగలగొట్టడం, గుంటలు దాటడం, జారుడు మంచు మీద ఒకరినొకరు తోసుకోవడం. ఒక్కో ఆట కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కథ లేదు, నీతి అసలే లేదు. ఓడినవాడికీ చప్పట్లే! ఇంత నాగరికమైన ఏర్పాటు ఏ ప్రభుత్వం చేసిందో చెప్పండి చూద్దాం!

సాక్ష్యం కావాలా? అయితే మా పై అంతస్తు లెక్కల టీచరమ్మ సంగతి వినండి.

టీచరమ్మ క్లాసులోకి వస్తే సుద్దముక్క కూడా నిటారుగా నిలబడుతుందని పిల్లలు చెప్పుకుంటారు. ఆవిడ చెల్లెలిది ఎదురు ఫ్లాటే. ఈ తలుపు తీస్తే ఆ తలుపు. అయినా ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకంటే, చెల్లెలు బ్యాంకు ఉద్యోగం మానేసి హెయిర్ సెలూన్ పెట్టింది. షాపు తెరిచిన రోజున, ఆమె అత్తింటివాళ్ళంతా చుట్టూ ఉండగా, టీచరమ్మ నోరు ఊరుకోలేదు. "ఇంత చదువు చదివింది ఊరివాళ్ళ జుట్టు ఊడ్చడానికటే?" అనేసింది. అందరూ గొల్లున నవ్వారు. చెల్లెలు చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి పిల్లలే పోస్టాఫీసు.

"మీ పెద్దమ్మకి చెప్పు, నీళ్ళ మోటారు ఆపమని."

"మీ పిన్నికి చెప్పు, ఎప్పుడో ఆపేశానని."

ఇద్దరూ ఎదురెదురు గుమ్మాల్లోనే నిలబడి ఉంటారండీ! మధ్యలో పిల్లలు మెడలు అటూ ఇటూ తిప్పలేక చస్తుంటారు.

ఇలా ఉండగా టీచరమ్మ కూతురి పుట్టినరోజు వచ్చింది. ఆమె భర్త ఈ గేము కొనుక్కొచ్చాడు.

"దీనివల్ల పిల్లకి ఏం వస్తుంది?" అని నిలదీసింది టీచరమ్మ.

"నవ్వు వస్తుంది," అన్నాడాయన. పాపం, ఆ ఇంట్లో ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి!

ఆటకు నలుగురు కావాలి. కూతురు ఉంది, చెల్లెలి కొడుకు ఉన్నాడు. భర్తగారికి సరిగ్గా అప్పుడే నడుం పట్టేసింది. పిల్లలిద్దరూ కూడబలుక్కుని టీచరమ్మను సోఫాలో కూలేసి, ఎదురింటి నుంచి పిన్నిని చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన కుదేశారు. జంటలు కట్టేది మాత్రం మెషినే. దానికి ఈ ఇంటి చరిత్ర ఏం తెలుసు? అక్కను బాతును చేసింది, చెల్లెల్ని కప్పను చేసింది, ఇద్దరి నడుములకూ కలిపి ఒకే తాడు కట్టింది. గుంట వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే ఎగరాలి.

చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎంతో మర్యాదగా, మౌనంగా గుంటలో పడ్డారు. లేచి మళ్ళీ పడ్డారు.

"అమ్మా, మాట్లాడుకోకపోతే కుదరదే!" అని కూతురు నెత్తి కొట్టుకుంది.

"మీ పిన్నికి చెప్పు, నేను ఊఁ అన్నప్పుడు ఎగరమని."

"పెద్దమ్మకి చెప్పు, ఊఁ అనేలోపే పడిపోతున్నామని."

ఆ ఉత్తరాలు బట్వాడా అయ్యేసరికి బాతూ కప్పా మళ్ళీ గుంటలోనే ఉన్నాయి. ఇక కప్ప ఆగలేకపోయింది.

"ఎగురక్కా! ఎగురు!"

బాతు ఎగిరింది. తాడుతో సహా ఇద్దరూ అవతలి గట్టున పడ్డారు. పిల్లలు సోఫా ఎక్కి గంతులేశారు. టీచరమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఈసారి కాస్త ముందు చెప్పు," అంది. మధ్యలో పోస్టుమ్యాన్ లేడు!

చూశారా గేము మహిమ? ఆనాటినుంచి రోజూ సాయంత్రం ఆటే. ఆట చాటున ఎన్ని మాటలో!

"ఎడమకి, ఎడమకి! కడుపునొప్పి తగ్గిందా? బుడగ, బుడగ! మందులు వేసుకుంటున్నావా లేదా? అయ్యో, చచ్చాం!"

టీవీ ఆపగానే మాత్రం పాత కథే. "మీ పిన్నికి చెప్పు, చెప్పులు మర్చిపోతోందని." మధ్యలో పిల్లలకు రిమోటు అందడమే గగనమైపోయింది. మూల కూర్చుని బుద్ధిగా హోంవర్కు చేసుకునే గతి పట్టింది. గేము పెట్టె మీద 'ఐదేళ్ళు దాటినవారికి' అని ఉంది. ఎంత దాటితే మానేయాలో రాయలేదు మరి!

ఒక సెలవురోజు మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు రిమోట్లు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. తెర మీద బాతు రాలేదు, కప్ప రాలేదు. 'అప్‌డేట్ అవుతోంది, దయచేసి వేచి ఉండండి' అని వచ్చింది. కింద ఒక నీలం గీత. అది నత్తకు మేనత్తలా ఉంది.

"ఎంతసేపట?" అంది అక్క.

"ఏమో."

గీత కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది. పిల్లలు విసుగుపుట్టి మెట్ల మీద ఆడుకోవడానికి పోయారు. చాలాసేపటికి చెల్లెలు ఆ గీతతోనే చెబుతున్నట్టు అంది.

"ఆ రోజు నువ్వన్న మాటకి కాదు నేను బాధపడింది. అందరూ నవ్వుతుంటే నువ్వూ నవ్వావు చూడు, అందుకు."

టీచరమ్మ రిమోటు మీద ఉన్న బటన్లన్నీ తడిమింది. ఏదీ పనిచేయలేదు.

"నాకు ఒకళ్ళ తప్పులు దిద్దడమే వచ్చు," అంది చివరికి. గొంతు బడిలో వినిపించేది కాదు. "తప్పు నాదే. నీ షాపు ముందునుంచి పోలేక సందులన్నీ చుట్టి బడికి వెళ్తున్నాను, తెలుసా?"

చెల్లెలు అప్పుడు తల తిప్పి అక్కను చూసింది. ఎంతో కాలానికి, తెర మీద బాతును కాదు, అక్కనే చూసింది. చూసి, కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

"అక్కా, ఆ జుట్టేమిటే? కత్తిరించింది మనిషా, ఎలకా?"

కాసేపటికి టీచరమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని, మెడ చుట్టూ తువ్వాలుతో, తల వంచుకుని కూర్చుంది. కత్తెర కిచకిచమంటోంది. ఇద్దరూ ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం పడి మాట్లాడేస్తున్నారు. ఆడి తిరిగొచ్చిన పిల్లలు లోపలినుంచి, "అప్‌డేట్ అయిపోయింది! రండి, రండి!" అని అరిచారు.

"మీరాడుకోండర్రా!" అన్నారిద్దరూ.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా మాట మీదే నేను నిలబడ్డాను. ఆ గేము మహోపకారి. కాకపోతే తయారుచేసే కంపెనీవారికి ఒక చిన్న విన్నపం. గేము ఎలా ఉన్నా పర్వాలేదు గానీ, ఆ అప్‌డేట్ మాత్రం ఇంకాస్త నిదానంగా రానివ్వండి. వీలైతే ఫోన్లకూ, టీవీలకూ, ఇంట్లో వెలిగే ప్రతి తెరకూ ఒకేసారి పెట్టండి. రోజుకో పూట చాలు! ఏం చేయాలో తోచక, ఎటు చూడాలో తెలియక, చచ్చినట్టు ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.