పొగమంచులో ప్రిసిల్లా వెనకాల

ఆ ఉదయం ఎర్నెస్ట్ అనుకున్నది చిన్న పని. టీ తాగి, గాడిదను వెంటబెట్టుకుని అప్పుల కంపెనీ ఆఫీసుకు వెళ్లి, భోజనం వేళకు ఇంటికి రావాలి. సముద్రం మీంచి లేచిన పొగమంచు సాండ్‌హోమ్ ఊరిని మెత్తగా కప్పేసింది. ఇళ్లు కూడా ఇంకా కలలోనే ఉన్నట్టున్నాయి.

గాడిద పేరు ప్రిసిల్లా. వేసవంతా పిల్లలను వీపున ఎక్కించుకుని ఇసుకలో తిప్పుతుంది. దాన్ని కొనడానికి తీసుకున్న అప్పుకు కంపెనీ ఒక బీమా తగిలించింది. ఉద్యోగం పోతే వాయిదాలు బీమా కడుతుందట. సొంత పని చేసుకునేవాళ్లకు అది పనికిరాదని ఎర్నెస్ట్‌కు అప్పు తీరాక తెలిసింది. బీమాకు కట్టింది తిరిగి ఇమ్మంటే కంపెనీ కుదరదంది. "మీరు మిస్ ప్రిసిల్లా గారి దగ్గర ఉద్యోగం చేసేవారు కనుక ఆ బీమా మీకు తగినదే" అని జవాబు రాసింది.

"అప్పు కాగితంలో ఎవరి దగ్గర పని చేస్తున్నారని అడిగితే గాడిద పేరు రాస్తావా?" అంది భార్య ఐవీ.

"చేసేది దాని దగ్గరేగా! లేచింది మొదలు గడ్డి వెయ్యడం, పేడ ఎత్తడం, ఒళ్లు దువ్వడం."

"ఆ డబ్బు రాకపోతే చలికాలం దాన్ని మేపలేం, అమ్ముకోవాల్సిందే. వెళ్లు, నీ యజమానురాల్ని వాళ్లకే చూపించు."

ఆఫీసు తలుపు ఇంకా మూసే ఉంది. ఎర్నెస్ట్ గాడిదతో సహా దాని ముందు నిలబడ్డాడు. కాసేపటికి పొరుగింటి మిసెస్ హాబ్డే వచ్చి వెనకాల నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకరు. ఆ ఊళ్లో ఎవరైనా తలుపుకేసి నిలబడితే వాళ్ల వెనక నిలబడటం మర్యాద. ఎందుకని అడగడం మాత్రం మర్యాద కాదు. మంచులో ఎవరికీ ముందున్న వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. క్యూ సముద్రపు గట్టు వెంట నిశ్శబ్దంగా పెరిగింది. కనిపించని పక్షులు ఎక్కడో అరుస్తున్నాయి. ప్రిసిల్లా మెడలో గంట కలలో మోగినట్టు మోగుతోంది.

"కొత్త చేపలొచ్చాయట" అన్నారెవరో. "కాదు, కంపెనీ మునిగిందట" అన్నారింకెవరో.

అప్పుడు ఆఫీసు మేనేజరు పెండిల్ తాళాలతో వచ్చాడు. "నేను లోపలికి వెళ్లాలి..." అన్నాడు మెల్లగా.

"మేమంతా వెళ్లాల్సిందీ లోపలికే బాబూ" అంది చివర నిలబడ్డ ముసలావిడ.

పెండిల్ సిగ్గుపడి ఆవిడ వెనక నిలబడ్డాడు. తలుపు తీయాల్సినవాడు క్యూ చివర ఉన్నాడు, తీయించుకోవాల్సినవాడు మొదట్లో ఉన్నాడు. క్యూ అంగుళం కదల్లేదు.

"ఈ ఆఫీసువాళ్లకి బొత్తిగా బాధ్యత లేదు!" అంది ముసలావిడ.

"నిజమేనండీ" అన్నాడు పెండిల్.

మంచు విచ్చుకుంది. మొదట గంట, తర్వాత రెండు పొడుగు చెవులు బయటపడ్డాయి.

"ఇంతసేపూ గాడిద వెనకా నిలబడ్డది?" అన్నారు క్యూలో ఎవరో.

అయినా ఎవరూ కదల్లేదు. ముందుగా వెళ్లిపోయినవాడే తెలివితక్కువవాడు అవుతాడు మరి. పెండిల్ గొంతు సవరించుకుని, తాళాలు తన దగ్గరే ఉన్నాయన్నాడు.

"అయితే ముందుకు వెళ్లవయ్యా!" అంది ముసలావిడ.

"మీరంతా నాకంటే ముందొచ్చారు కదండీ."

చివరికి తాళాలు చేతులు మారుతూ ముందుకు సాగాయి. ఎర్నెస్టే తలుపు తీశాడు. తన వంతు వచ్చి పెండిల్ లోపలికి అడుగుపెట్టేసరికి బల్లకు అవతల, అతని కుర్చీ పక్కన ప్రిసిల్లా నిలబడి ఉంది.

"ఈవిడేనండీ మా యజమానురాలు" అన్నాడు ఎర్నెస్ట్ టోపీ తీసి.

పెండిల్ ఆ పెద్ద తడి కళ్లలోకి చాలాసేపు చూశాడు. "ఈవిడ మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయగలదా?"

"ఒకసారి తన్నింది. కానీ మర్నాడు మళ్లీ పనిలోకి రానిచ్చింది."

ఊరంతా చూస్తుండగా పెండిల్ పాత జవాబు కొట్టేసి, ఎర్నెస్ట్‌ది సొంత పనే కనుక బీమా సొమ్ము వెనక్కి ఇవ్వాలని రాసి సంతకం పెట్టాడు.

డబ్బు వచ్చింది, దాంతో గడ్డి వచ్చింది. వారం తిరక్కుండా మిస్ ప్రిసిల్లా పేరున ఇంకో ఉత్తరం వచ్చింది. ఆవిడకు కొత్త అప్పు ఇస్తారట, దాంతోపాటు బీమా కూడా. ఐవీ దాన్ని ప్రిసిల్లా మూతి దగ్గర పెట్టింది. ప్రిసిల్లా వాసన చూసి, అంచు నుంచి అంచుదాకా నిదానంగా నమిలేసింది.

ఆ కంపెనీ కాగితాన్ని అంత క్షుణ్ణంగా పరిశీలించినవాళ్లు ఆ ఇంట్లో అంతవరకూ లేరు.