తెనాలిలో తిమింగలం

ఆ శనివారం ఉదయం ఫర్జానా వేసుకున్న పథకంలో తిమింగలం ఎక్కడా లేదు. రేపల్లెలో ఏడు గంటల ప్యాసింజరు ఎక్కడం, ఎనిమిదిన్నరకల్లా తెనాలిలో దిగడం, పదకొండున్నరకి అక్కడి కాలేజీలో జరిగే అమెరికన్ సాహిత్య సదస్సులో తన పేపరు చదవడం, మధ్యాహ్నం బండికి ఇంటికి వచ్చేయడం. అంతే. ఆమె రేపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు చెబుతుంది. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో సదస్సుకు వెళ్లడం ఇదే మొదటిసారి.

పేపరు పదకొండు పేజీలు. పాత అమెరికన్ కథల్లో మొహానికి ముసుగు వేసుకుని తిరిగే మనుషుల గురించి రాసింది. ఆ ముసుగు వెనకాల ఏముందని పండితులు నూరేళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. పాపం అన్నాడొకాయన. పశ్చాత్తాపం అన్నాడింకొకాయన. ఏమీ లేదు, ఉత్త గుడ్డే అన్నాడు మూడో ఆయన, ఆ మాట మీదే ప్రొఫెసరు కూడా అయ్యాడు. పదో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఫర్జానా నాలుగో ఆయన్ని చేర్చింది. ఆయన పేరు రెహమాన్. రేపల్లె బజారులో ముప్ఫై ఏళ్లు బురఖాలు కుట్టాడు. ఆమె తండ్రి. నకాబు ముక్కు దగ్గర ఎందుకంత వదులుగా కుడతావని చిన్నప్పుడు ఆమె అడిగితే, "ఏడ్చినప్పుడు గుడ్డ మొహానికి అతుక్కుంటుంది తల్లీ, ఊపిరాడాలి కదా" అన్నాడు. ఈ సంగతి ఆ మహాపండితుల్లో ఒక్కరికీ తోచలేదు.

రెహమాన్ పోయి పదకొండు నెలలైంది. పోయిన రోజు మసీదు మైకులో ఒకసారి పేరు చెప్పారు. ఆ తర్వాత ఇంటి బయట ఆ పేరు ఎవరి నోటా ఆమె వినలేదు. ఆ పెద్దపెద్దవాళ్ల పేర్ల మధ్యన తండ్రి పేరు కూడా ఒక హాల్లో, మైకులో, గట్టిగా చదవాలని ఆమె కోరిక. పేపరంతా ఆ ఒక్క పాదసూచిక కోసమే రాసిందన్నా తప్పులేదు.

"ఆ పేరొచ్చిన చోట నెమ్మదిగా చదువు బేటీ" అంది తల్లి జహీరా, టిఫిన్ డబ్బా చేతికిస్తూ. "గబగబా చదివేస్తావు నువ్వు. మీ అబ్బా పేరు అందరికీ వినపడాలి."

"వినపడుద్దిలే అమ్మీ" అని ఫర్జానా స్టేషనుకు పరుగెత్తింది.

ఇక తిమింగలం ఎలా వచ్చిందో చెప్పాలి. పదిహేను రోజుల ముందు సదస్సు కన్వీనరు జనార్దనరావు, ఆహ్వానపత్రం అచ్చుకు పోతోంది, పేపరు పేరేంటో వెంటనే ఫోను చేసి చెప్పమని కబురు పెట్టాడు. ఫర్జానా కిళ్లీకొట్టు దగ్గర రూపాయి కాయిన్ బాక్సులోంచి చెప్పింది. ఇంగ్లిషులో ముసుగునీ వేల్ అంటారు, తిమింగలాన్నీ వేల్ అంటారు. రాతలో తేడా ఉంది. దొరల నోట్లోనూ ఉందట. రేపల్లె నోటి నుంచి తెనాలి చెవికి చేరేసరికి మాత్రం రెండూ ఒకటే.

"వేలా?" అన్నాడు జనార్దనరావు.

"అవునండి, వేల్."

"భలే పట్టుకున్నావమ్మా! మీ సముద్రతీరానికి తగ్గట్టుంది."

ముసుగుకీ సముద్రానికీ సంబంధమేంటని అడిగేలోపు నిమిషం అయిపోయి ఫోను కట్టయింది. అంతకుముందే పోస్టులో పంపిన వివరాల కవరు జనార్దనరావు బల్ల సొరుగులో, చించకుండా, నిక్షేపంగా ఉంది.

తెనాలిలో హాల్లోకి అడుగుపెట్టగానే ఫర్జానాకు వేదిక మీద థర్మోకోల్‌తో చేసిన చేప ఒకటి కనిపించింది. గోడకి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంది. అలంకరణ చేసినతను పెళ్లిపందిళ్లు వేసేవాడు కావడంతో దానికి కాటుకా, కనురెప్పలూ కూడా పెట్టాడు. దాని పొట్ట కింద కార్యక్రమం పట్టిక అంటించి ఉంది. "అమెరికన్ సాహిత్యంలో తిమింగలం: ఫర్జానా, రేపల్లె" అని చదివి ఆమె కన్వీనరు కోసం పరుగెత్తింది.

"సార్, ఇదేంటండీ? నాది వేల్ కాద్సార్, వేల్" అంది కన్వీనరుని పట్టుకుని.

"నేనూ వేలే వేయించా కదమ్మా."

"ఆ వేల్ కాద్సార్. ముసుగు సార్, ముసుగు! బురఖా!"

జనార్దనరావు కాసేపు ఆమె బురఖా వంకా, కాసేపు తిమింగలం వంకా చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ తిమింగలాన్ని నమ్ముకుని ఆయన అప్పటికే చాలా దూరం వెళ్లిపోయాడు. సముద్రసాహిత్యం అని ప్రత్యేకంగా ఒక సభ పెట్టాడు. దానికి అధ్యక్షత వహించడానికి బాపట్ల నుంచి ప్రొఫెసర్ హైమావతి గారిని ఒప్పించాడు. ముప్ఫై ఏళ్లుగా అమెరికన్ కథల్లోని సముద్రం మీదే పనిచేస్తున్న ఆవిడ, తీరప్రాంతపు ఆడపిల్ల తిమింగలం మీద రాసిందంటే వినాలని ఆయాసంతో సహా బయల్దేరి వచ్చారు. పైగా విలేకరి వరప్రసాదం, సాహిత్యసదస్సు అంటే పత్రికలో వేయరని, "తిమింగలాల నిపుణురాలు నేడు తెనాలి రాక" అని ఆ పొద్దుటి జిల్లా పేజీలో పెట్టెకట్టి మరీ వేయించాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. ముందో రెండు ముక్కలు తిమింగలం మీద చెప్పి, మెల్లగా ముసుగులోకి దిగు. నీకిచ్చింది పది నిమిషాలే. ఎవరు కనిపెడతారు?" అన్నాడాయన.

టిఫిన్ల దగ్గర నిపుణురాలి చుట్టూ జనం మూగారు. తిమింగలం శాకాహారా అని ఒక లెక్చరరు అడిగాడు. ఎన్నేళ్లు బతుకుతుందని ఇంకొకరు. ఏడో తరగతి సైన్సు పుస్తకంలో, అది చేప కాదు, పిల్లలకు పాలిస్తుంది అని చదివిన ఒక్క వాక్యమే ఫర్జానాకు గుర్తుంది. ఆ వాక్యాన్నే తిప్పితిప్పి చెప్పి, ఇడ్లీ ముట్టకుండానే లేచింది.

ప్రారంభసభ కాగానే ముఖ్యఅతిథి వెళ్లిపోయారు, ఆయనతో సగం హాలు వెళ్లిపోయింది. మిగిలిన సగంలో విద్యార్థులు ఒకరి వెనక ఒకరు మంచినీళ్లకని వెళ్లి తిరిగి రాలేదు. ఖాళీ కుర్చీలు చూసి జనార్దనరావుకు చెమటలు పడుతుండగా గేటు దగ్గర పద్నాలుగుమంది దిగారు. నిజాంపట్నం నుంచి వచ్చిన బెస్తవాళ్లు. పొద్దున్నే హార్బరు దగ్గర టీ కొట్లో పేపరు చదివించుకుని, దొరికిన బస్సెక్కి వచ్చేశారు.

"తిమింగలం ఇక్కడేనా బాబూ?"

"ఇక్కడే, ఇక్కడే! రండి, ముందు వరసలో కూర్చోండి" అని జనార్దనరావు వాళ్లను ఎదురేగి తీసుకొచ్చి, తలా ఒక సంచీ ఇప్పించి, చొక్కాలకీ పవిటలకీ ప్రతినిధుల బ్యాడ్జీలు పెట్టించాడు. వాళ్లలో ఒక ముసలాయన వేదిక మీది చేపను చాలాసేపు పరిశీలించి, "దీని మొహం మండ, కనురెప్పలేంటిరా దీనికి?" అన్నాడు. ఆ రోజు సభలో వినిపించిన ఏకైక విమర్శ అదే.

హైమావతి గారు ఫర్జానాను పొగుడుతూ పరిచయం చేశారు. ఫర్జానా మైకు దగ్గరికి వెళ్లి కాయితాలు విప్పింది. ఉన్నదున్నట్టు చెప్పేసి, ఎవరేమన్నా పదో పేజీ చదివి దిగిపోవాలని అప్పటికే నిశ్చయించుకుంది. నోరు తెరవబోయేంతలో ముందు వరసలోంచి ఒకావిడ లేచి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. కొంగు నుదుటి మీదుగా లాక్కుని, కొసతో ముక్కూ నోరూ కప్పుకుని ఉంది.

"అమ్మా, నా పేరు కోటిరత్నం. ఆ చదివేది తర్వాత చదువుదువు గాని, ముందు నాకొక్క మాట చెప్పు. తిమింగలం పడవని తిరగేస్తుందా?"

హాల్లో కిసుక్కుమన్నారు. "ప్రశ్నలు ఆఖర్న అడగాలమ్మా" అన్నారు హైమావతి గారు మర్యాదగా.

"ఆఖరికి మా బస్సు ఎల్లిపోద్దండి" అంది కోటిరత్నం. మళ్లీ ఫర్జానా వైపు తిరిగింది. "రెండేళ్లయిందమ్మా. మా ఆయన పోతురాజూ, ఇదిగో మా మరిదీ కలిసి వేటకెళ్లారు. ఈడొక్కడే తిరిగొచ్చాడు. నల్లగా కొండంతది లేచి పడవని కొట్టిందన్నాడు. మన నీళ్లల్లో తిమింగలమేంటని ఊరూరంతా నవ్వింది. పోతురాజు పారాదీపులో ఎవత్తెనో పెట్టుకుని అక్కడే ఉండిపోయాడంట, తమ్ముడు కప్పెడుతున్నాడంట. ఆయన పోయాడంటే ఏడుస్తాను. పారిపోయాడంటే తిడతాను. ఏదీ లేక ఈ బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో కూడా తెలీక, ఇట్టా కొంగు కప్పుకుని తిరుగుతున్నా. నువ్వు తిమింగలాల మీద చదువుకున్నావని పేపర్లో వేశారు. తిరగేస్తుందా, తిరగెయ్యదా?"

ఇప్పుడెవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న మరిది శివకృష్ణ తల వంచుకుని బ్యాడ్జీని వేళ్లతో నలుపుతున్నాడు. పాతికేళ్లవాడు. రెండేళ్లుగా తన మాట ఒక్కరూ నమ్మని మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

ఫర్జానాకు తెలియదు. తెలియదని చెప్పడమే సత్యం, చదువుకున్నవాళ్లు చెప్పవలసింది కూడా అదే. ఆమె పదో పేజీ వంక చూసింది. కోటిరత్నం మొహం మీద కొంగు వంక చూసింది. ఊపిరికి ఆ కొంగు కొద్దిగా లోపలికీ బయటికీ ఆడుతోంది. పదకొండు నెలలుగా తాను ఏడవగలిగింది, తన తండ్రి పోయాడని తనకు తెలిసినందువల్లనే కదా అని ఫర్జానాకు అనిపించింది. ఈమెకు ఆ భాగ్యం కూడా లేదు.

కాయితాలు మడిచేసింది.

"తిరగేస్తుందమ్మా" అంది.

"మన నీళ్లల్లో కూడానా?"

"మన నీళ్లల్లో కూడా. పెద్దది లేస్తే పడవ ఆగదు. మీ మరిది చెప్పింది నిజం. మీ ఆయన ఎక్కడికీ పారిపోలేదు."

ముందు శివకృష్ణ ఏడ్చాడు, రెండు చేతుల్లో మొహం దాచుకుని. కోటిరత్నం కొంగు తీసేసి అతని వైపు చూసింది. తర్వాత అక్కడే, కుర్చీల మధ్య చతికిలబడి, "పోతురాజో" అని హాలు దద్దరిల్లేలా శోకాలు పెట్టింది. ఇంగ్లిషులో ఇలా ఏడవడాన్ని కూడా వేల్ అనే అంటారు. అది మాత్రం కార్యక్రమం పట్టికలో లేదు. వచ్చిన ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. జనార్దనరావు కండువాతో కళ్లు తుడుచుకుని, ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తబోతే చేత్తో కిందికి దించాడు.

ఏడుపు కాస్త నెమ్మదించాక హైమావతి గారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆవిడకూ కళ్లు తడిసే ఉన్నాయి. కానీ ముప్ఫై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు.

"అమ్మాయ్, బంగాళాఖాతంలో తిమింగలం పడవని బోల్తా కొట్టించిన సంగతి నేనెక్కడా చదవలేదు. చాలా ముఖ్యమైన విషయం. ఎవరు రాశారు?" అని కలం తీశారు.

కోటిరత్నం ఏడుపు ఆపి వింటోంది. ఆ క్షణాన ఫర్జానా నాలుక మీద ఉన్న పేరు ఒక్కటే, పొద్దుటి నుంచీ పలకడానికి దాచుకున్నది. "రెహమాన్" అంది నెమ్మదిగా, మైకులో, అందరికీ వినపడేలా.

"ఏ సంవత్సరం?"

"రెండు వేల అయిదు."

"ప్రచురణ?"

"రేపల్లె అండి."

"మన పక్కనే ఇంత పని జరుగుతోంది, మనకి తెలీదు చూడండి" అని సభతో అంటూ ఆవిడ రాసుకున్నారు. ఆవిణ్ణి చూసి మిగతా లెక్చరర్లందరూ రాసుకున్నారు. అంతలో పది నిమిషాలు అయిపోయాయని గంట కొట్టారు.

తిరుగు ప్రయాణంలో వేమూరు దాటేదాకా ఫర్జానా ఏడుస్తూనే ఉంది. ముసుగు మీద రాసిన పదకొండు పేజీల్లో ఒక్క ముక్కా చదవలేదు. తండ్రి చెప్పిన ఆ మంచి మాట ఎవరూ వినలేదు. పైగా చచ్చిపోయిన మనిషి నోట అబద్ధం పెట్టింది. జీవితంలో ఒక్క గజం గుడ్డ కూడా తప్పు కత్తిరించని మనిషాయన.

తల్లి గుమ్మంలోనే ఎదురైంది. "మీ అబ్బా పేరు నెమ్మదిగా చదివావా?"

"చదవలేదమ్మీ. చెప్పాను."

"విన్నారా?"

"రాసుకున్నారు" అంది ఫర్జానా. జహీరా మొహం చూశాక మిగతాది చెప్పబుద్ధి కాలేదు.

ఆ నెలాఖరులోనే కోటిరత్నం భర్తకు కర్మ చేయించింది. ఊళ్లో ఎవరైనా పారాదీపు మాటెత్తితే శివకృష్ణ, "రేపల్లెలో రెహమాన్ గారని పెద్దాయన పుస్తకంలో రాశాడు, వెళ్లి చదువుకో" అంటున్నాడని తెలిసింది. ఇప్పుడు అతని మాట అందరూ నమ్ముతున్నారట.

మరుసటి ఏడు అమెరికన్ సాహిత్య సదస్సు బాపట్లలో జరిగింది. ఫర్జానా వెనక వరసలో కూర్చుంది. ఆ రెండు రోజుల్లో తన తండ్రి పేరు మైకులో తొమ్మిదిసార్లు వింది. ఆఖరున మాట్లాడిన ఒకాయన మాత్రం, తిమింగలాల విషయంలో రెహమాన్‌తో తాను ఏకీభవించలేకపోతున్నానని, అయితే ఆయన తొలి రచనలంటే తనకు అపారమైన గౌరవముందని అన్నాడు.