కళ్లకలక లేని కంపెనీ

కళ్లకలక వచ్చినవాళ్లు తలుపేసుకుని ఇంట్లో కూర్చోవడం శుద్ధ స్వార్థం! ఎవరేమనుకున్నా సరే, ఈ మాట మీద నిలబడి తీరతాను.

మీరే ఆలోచించండి. పక్కింట్లో మామిడికాయ పచ్చడి పెడితే గిన్నెడు మనింటికి వస్తుంది. బంధువుల ఇంట్లో పెళ్లయితే లడ్డూలు వస్తాయి. మరి మనకు జలుబు వచ్చినప్పుడు మాత్రం రుమాలు అడ్డం పెట్టుకుని, నలుగురికీ దూరంగా జరిగి, మొత్తం మనమే అనుభవించాలా? ఇదేం మర్యాద?

పట్నం డాక్టర్లు ఎన్ని చెప్పినా పటాన్‌చెరు చుట్టుపక్కల జనానికి ఆ పిసినారితనం ఇంకా అలవడలేదు. నమ్మకం లేకపోతే పొద్దున ఆరున్నరకు ఇస్నాపూర్‌లో షేర్ ఆటో ఎక్కి చూడండి. ముగ్గురి సీట్లో ఐదుగురు, వెనక నలుగురు, డ్రైవర్‌కు చెరోపక్క ఒకరు. ఒకాయన తుమ్మాడంటే డ్రైవర్‌తో సహా పదకొండు మందికి సమానంగా అందుతుంది. అందులో కులం లేదు, మతం లేదు, పర్మినెంటు, కాంట్రాక్టు అన్న తేడా అంతకన్నా లేదు. ఇంత సమానత్వం ఈ పారిశ్రామికవాడలో మరెక్కడైనా చూశారా?

ఫంక్షన్ హాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. నూట రెండు జ్వరంతో వచ్చిన మేనమామ స్టేజీ ఎక్కి, వధూవరుల తల మీద చేతులు పెట్టి, "రాకపోతే బాగుండదని వచ్చిన" అని ముక్కు తుడుచుకుంటాడు. తర్వాత అదే చేత్తో అందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తాడు. వారం తిరిగేసరికి రెండు కుటుంబాలు ఒకే దగ్గు దగ్గుతుంటాయి. వియ్యంకులు కలిసిపోవడం అంటే ఇది కాదా?

ఈ త్యాగబుద్ధికి నిలువెత్తు ఉదాహరణ కావాలంటే చిట్కుల్‌లో ఉండే సృజన గురించి చెప్పుకోవాలి.

సృజనకు ఇరవై ఏడేళ్లు. కాజీపల్లిలో ఒక కంట్లో చుక్కల మందు కంపెనీలో కాంట్రాక్టు మీద పని. కంపెనీ పేరెందుకు లెండి. చుక్కల సీసాను లైటు ముందు పట్టుకుని, లోపల నలక ఏమైనా తేలుతోందా అని చూసి, బాగుంటే ఇటు, లేకపోతే అటు పెట్టడం ఆమె ఉద్యోగం. ఎనిమిది గంటలు కళ్లతోనే పని. శ్రావణమాసం ముసురులో ఒక పొద్దున ఆ కళ్లే తెరుచుకోలేదు. వేడినీళ్ల గుడ్డ పెట్టి రెప్పలు విడదీస్తే లోపల మంకెనపువ్వులు పూసినట్టున్నాయి.

అత్త మొగులమ్మ చూసి గుండెలు బాదుకుంది. "కండ్లకలుక బిడ్డా. ఇయ్యాల పోకు. నందివర్ధనం పూలు కండ్ల మీద ఏసుకోని పండుకో."

"నాల్గు దినాలే ఉన్నయ్ అత్తమ్మా."

"నాల్గు దినాలు పోకుంటె ఏమైతదే?"

"ఇంకో ఏడాది అయితది," అంది సృజన, నల్లద్దాలు వెతుక్కుంటూ.

ఆ లెక్క మీకు అర్థం కావాలంటే కంపెనీ గొప్పతనం కొంత తెలియాలి. వారపు సెలవు తప్ప ఒక్క రోజు కూడా మానకుండా ఏడాది పొడుగునా వచ్చిన కాంట్రాక్టు మనిషి పేరు లిస్టులోకి ఎక్కుతుంది. లిస్టులోకి ఎక్కితే కంపెనీ రోల్, అంటే పర్మినెంటు ఉద్యోగం. రోల్‌లోకి వెళితే బస్సు, క్యాంటీన్‌లో కూర్చుని తినే హక్కు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏడాదికి పన్నెండు రోజుల సిక్ లీవు. అంటే జబ్బు చేస్తే సెలవు కావాలనుకునేవాళ్లు ముందు ఏడాదిపాటు జబ్బు చెయ్యదని రుజువు చేసుకోవాలి. వానలో ఏడాది తడవకుండా తిరిగి చూపించినవాళ్లకే గొడుగు ఇస్తామన్నట్టు. దీన్ని కనిపెట్టిన బుర్రకు దండం పెట్టకుండా ఎలా ఉండగలం?

సృజన మూడు వందల అరవై ఒక్క రోజులు ఆ గొడుగు కోసం తడవకుండా నడిచింది. పెద్దమ్మ చనిపోతే డ్యూటీ దిగాక వెళ్లి ఏడ్చింది. పోయిన చలికాలం జ్వరంతో సీసాలు రెండేసి కనబడుతుంటే ఒక కన్ను మూసుకుని చూసింది. ఇప్పుడు నాలుగు రోజుల ముందు రెండు కళ్లూ మొండికేశాయి.

ఆటోలో ఆమె నల్లద్దాలు చూడగానే అందరూ తలలు తిప్పుకున్నారు. కళ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకుంటుందని మనవాళ్ల గట్టి నమ్మకం. అందుకని ఆమెను ఎవరూ చూడలేదు. ఆమె పట్టుకున్న ఇనుపకడ్డీనే పట్టుకుని, అదే చేత్తో కళ్లు నులుముకుంటూ, చాలా జాగ్రత్తగా బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఫ్యాక్టరీ లోపలికి వెళ్లే తలుపు దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. జలుబు, దగ్గు, జ్వరం, కళ్లకలక, పుండ్లు. ఒక్కోదాని కింద 'ఉంది' అనో 'లేదు' అనో రాసి సంతకం పెట్టాలి. 'ఉంది' అని రాస్తే అటునుంచి అటే ఇంటికి పంపిస్తారు, కాంట్రాక్టువాళ్లకు ఆ రోజు లెక్కలోకి రాదు. అందువల్ల పదకొండేళ్లుగా ఆ రిజిస్టర్‌లో అన్నీ 'లేదు'లే. ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగిన ఆ రెండేళ్లలో కూడా ఇక్కడ ఒక్క తుమ్ము నమోదు కాలేదు. భూమ్మీద ఇంత ఆరోగ్యవంతమైన చోటు మరొకటి ఉంటుందని నేననుకోను.

ఎవరూ జేబులో వేసుకుపోకుండా ఆ రిజిస్టర్‌కు ఒక పెన్ను దారంతో కట్టి ఉంటుంది. షిఫ్టుకు రెండు వందల మంది కళ్లు తుడుచుకుని ఆ పెన్నుతోనే కళ్లకలక లేదని రాస్తారు. సృజన కూడా రాసింది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి నరసింహమూర్తి ఎదురొచ్చాడు. తణుకు నుంచి ముప్పై ఏళ్ల కిందట ఈ వైపు ఉద్యోగాలకు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. వచ్చే మార్చిలో రిటైర్‌మెంట్. ఈ కంపెనీలో చేరినప్పటి నుంచి ఒక్క లీవు పెట్టలేదని వీడ్కోలు రోజున షీల్డు ఇస్తారని ఆయన ఆశ.

"ఏమ్మా, ఎండ లేదు కదా, ఆ నల్లద్దాలేంటి?" అన్నాడు గోడకేసి చూస్తూ.

"మీకూ ఉన్నయ్ గద సార్."

"నాది పవరమ్మా."

"నాది కూడ పవరే సార్."

ఆరోగ్యవంతులిద్దరూ లోపలికి నడిచారు. లోపల నల్లద్దాలు తీసి కంపెనీ ఇచ్చిన తెల్ల కళ్లజోడు పెట్టుకోవాలి. అయినా ఫరవాలేదు. అంటుకుంటుందని హాల్లో ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడడం లేదు. చూడకపోతే ఎరుపు కనబడదు. కనబడకపోతే జబ్బు లేనట్టే కదా? మూడో రోజుకు సృజన వరుసలో పదకొండు మందికి అలా జబ్బు లేకుండా పోయింది.

పైగా పని రెట్టింపు. జిల్లా అంతా కళ్లకలక, చుక్కల మందు దుకాణాల్లో నిలవడం లేదు, ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్. వీళ్లే పంచుతారు, వీళ్లే మందు తయారు చేస్తారు. బయటి నుంచి ఏదీ తెచ్చుకోనక్కర్లేకుండా నడిచే పరిశ్రమ అంటే ఇలా ఉండాలి. ఇంట్లో మొగులమ్మకు కూడా అంటుకుని, చుక్కల కోసం ఇస్నాపూర్‌లో మూడు మెడికల్ షాపులు తిరిగితే సీసా దొరకలేదన్నది వేరే సంగతి.

నాలుగో రోజు, అంటే సృజనకు ఆఖరి రోజు, మందు కొనే కంపెనీ తరఫున శ్రీదివ్య అని ఒక ఆడిటర్ వచ్చింది. ఆ అమ్మాయికి ఒక చెడ్డ అలవాటుంది. మనుషుల కళ్లలోకి చూసి మాట్లాడుతుంది. రిజిస్టర్ తిరగేసి, పదకొండేళ్ల 'లేదు'లు చూసి, హాల్లోకి వచ్చి నేరుగా సృజన ముందు ఆగింది.

"మీ కళ్లెందుకు అంత ఎర్రగా ఉన్నాయి?"

వెనకాల నరసింహమూర్తి చేతులు ఊపుతున్నాడు. సృజనకు ఇంకో ఆరు గంటలు గడిస్తే చాలు. చిన్నప్పటి నుంచి ఎవరు అడిగినా అందరూ చెప్పే మాటే నోటికి వచ్చింది.

"నలక పడ్డది మేడం."

"నలకా? ఎక్కడ?"

"ఈడనే మేడం. ఇప్పుడే."

పక్కనున్న రాజవ్వ అందుకుంది. "నాక్కూడ నలకే మేడం." ఆ పక్కామె కూడా నలకే అంది. పదకొండు మంది వరసగా నలకే అన్నారు. స్నేహితురాలికి కష్టం వస్తే అలా నిలబడాలి.

కానీ అది ఎలాంటి హాలు? గాలిని మూడుసార్లు వడగట్టి లోపలికి వదిలే హాలు. వెంట్రుక రాలకుండా టోపీ, చెప్పుల దుమ్ము రాకుండా కాళ్లకు తొడుగులు. అందులో ఒకే పూట పదకొండు మంది కళ్లలో నలకలు పడ్డాయంటే, సీసాల్లో ఎన్ని పడి ఉంటాయి? శ్రీదివ్య మొహం పాలిపోయింది. పని ఆపించింది. హాలు మూసి, మూడు రోజుల సరుకంతా పారబోసి, నలక ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చమంది.

హెచ్‌ఆర్ సుధీర్ పరుగెత్తుకొచ్చాడు. రిజిస్టర్ తెప్పించి, సృజనను ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. కంపెనీలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"అది నలక కాదమ్మా, కళ్లకలకే అని రాసెయ్. 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాస్తే చాలు."

"నాల్గు దినాల సంది లేదనే రాసిన గద సార్."

"పొరపాటున రాశావు. అందరికీ జరుగుతుంది."

"రాస్తె ఇంటికి పంపిస్తరు గద?"

"వెళ్లి రెస్ట్ తీసుకోమ్మా. హెల్త్ ముఖ్యం కదా," అన్నాడు సుధీర్. ఆ ప్రాంగణంలో ఆ మాట వినబడడం కూడా అదే మొదలు.

"ఇయ్యాల ఒక్క దినమే ఉంది సార్. లిస్టుల నా పేరు?"

"అది నేను చూసుకుంటాను."

సృజన వెంట వచ్చిన నరసింహమూర్తి వైపు చూసింది. ఆయన నల్లద్దాలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. "హాలు మూస్తే నలభై మంది కాంట్రాక్టువాళ్లు ఇంటికే అమ్మా," అన్నాడు మెల్లగా. "మొదట నలక అన్నది నువ్వే. నువ్వు మారిస్తే మిగతావాళ్లు మారుస్తారు."

గది బయట పదిమంది ఆడవాళ్లు ఎర్రటి కళ్లతో ఆమెకేసి చూస్తూ నిలబడ్డారు. అంటుకుంటుందన్న భయం ఆ పూట ఎవరికీ లేదు. సృజన దారంతో కట్టిన పెన్ను అందుకుని 'ఉంది' అని రాసింది.

శ్రీదివ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, పదకొండేళ్లలో మొదటి నిజాయితీ ఇది అని మెచ్చుకుంది. నోటీసు బోర్డు కోసం సృజనను ఫోటో తీయించింది. తర్వాత పదకొండు మందినీ మూడు రోజులు రావద్దని పంపేశారు. దారిపొడుగునా సృజన ఏడ్చింది. కళ్లు ముందే ఎర్రగా ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నెలాఖరుకు లిస్టు అంటించారు. ఆమె పేరు లేదు. "నేను చూశానమ్మా, రూల్ ఒప్పుకోలేదు," అన్నాడు సుధీర్. అతను చూస్తానన్నాడు, చూశాడు. మాట తప్పాడని ఎవరూ అనలేరు. అదే బోర్డు మీద, లిస్టు పక్కనే, నిజాయితీ గల కార్మికురాలు అని ఆమె ఫోటో ఇప్పటికీ ఉంది. కళ్లు కొంచెం ఎర్రగా పడ్డాయి. నరసింహమూర్తి ఆ రోజు కూడా 'లేదు' అనే రాశాడట, షీల్డుకు పేరు చెక్కిస్తున్నారట. బోర్డు దగ్గర ఎదురైనప్పుడు ఆయన సృజన కళ్లలోకి చూడలేదు. ఈసారి అంటుకుంటుందని మాత్రం కాదు.

చూశారా? నేను మొదటే చెప్పాను, జబ్బు చేసి ఇంట్లో కూర్చుంటే ఎంత నష్టమో. మన ఆదర్శ మహిళ ఆ పాఠం బాగా నేర్చుకుంది. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెట్టింది.

పద్దెనిమిదో రోజున ఆమెకు జలుబు, గొంతు నొప్పి, ఆగని దగ్గు. ఇస్నాపూర్‌లో ఆటో ఎక్కింది. పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె కూర్చుని ఉంది. సృజన దగ్గిన ప్రతిసారీ పిల్ల మొహానికి కొంగు అడ్డం పెట్టింది. సృజన తల అటు తిప్పుకుని, చున్నీ నోటికి అదుముకుని దగ్గింది. అయినా పదకొండు మంది ఉన్న ఆటోలో ఎటు తిప్పినా ఎవరో ఒకరి మొహమే. చివరికి ఆ తల్లి ఉండబట్టలేక అంది.

"గింత దగ్గు పెట్టుకోని ఎందుకొస్తవమ్మా? బాగలేకుంటె ఇంట్ల ఉండరాదు?"

సృజన దగ్గు ఆగేదాకా ఆగింది.

"ఉంటనక్కా," అంది. "వచ్చే ఏడాది సంది ఉంట."