ఉమాపతి దవడ దీక్ష

నాచారంలో ఉమాపతి ఎవరని అడిగితే తెలియకపోవచ్చు గానీ, ‘వాయిదాల ఉమాపతి’ అంటే మాత్రం ఎవరైనా వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. ఉద్యోగం రైల్వేలో, సిగ్నళ్ళ విభాగంలో. రైళ్ళకి ఠంచనుగా పచ్చదీపం చూపించే ఆ మనిషి, ఇంటి పనులకి మాత్రం పాతికేళ్ళుగా ఎర్రదీపమే చూపిస్తున్నాడు. బాత్‌రూమ్ కుళాయి కారడం మొదలైన ఏడాది పుట్టిన పక్కింటి పాప ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

అలాంటి మనిషి కుడి దవడలో, కింది వరుసలో ఓ పన్ను ఏడాదిగా సలుపుతోంది. “చూపించుకోండి, చూపించుకోండి” అని భార్య తారామణి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. “ఉగాది వెళ్ళాక” అన్నాడు. ఉగాది వెళ్ళింది. “ఎండలు తగ్గాక” అన్నాడు. ఎండలూ తగ్గాయి. “వానల్లో ఆస్పత్రికేం వెళతాం” అన్నాడు. పన్నుకి మాత్రం వాయిదాలు తెలియవు కదా, బుధవారం సాయంత్రం నాలుగు బజ్జీలు తిన్నాక అది ఒక్కసారిగా భగ్గుమంది.

ఇంకే వారమైనా అయితే ఏడుస్తూనో మూలుగుతూనో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడే. కానీ శనివారం ఉప్పల్‌లో మ్యాచ్ ఉంది!

రాజోలు నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే కాపురం. ఉప్పల్ స్టేడియంలో సిక్సర్ పడితే గాలివాటున ఆ హోరు వీళ్ళ డాబా మీదికి వినిపిస్తుంది. అయినా ఒక్కసారి కూడా ఆ గేటు లోపల కాలు పెట్టలేదు పాపం. టికెట్లు అమ్మకానికి పెట్టిన ప్రతిసారీ “భోంచేసి చూద్దాంలే” అనుకునేవాడు. ఆయన చెయ్యి కడుక్కునేలోపు టికెట్లు అయిపోయేవి.

ఈసారి అదృష్టం పక్క వీధిలోంచి నడిచి వచ్చింది. ఆ వీధిలోనే ఉండే, ఆఫీసులో పక్క కుర్చీ బుచ్చిరాములు, “అన్నా, మా ఇంటోళ్ళందరికీ టికెట్లు దొరికినయి. మా మామ రాడంట, ఆయన టికెట్ నీకే. జర జల్ది తయారుండు, మస్తు మజా వస్తది” అన్నాడు. ఆ క్షణం నుంచి ఉమాపతి కాళ్ళు నేల మీద లేవు.

కానీ తారామణి రాజ్యాంగంలో ఒకే ఒక్క అధికరణం ఉంది. ఒంట్లో బాగోలేని మనిషి గడప దాటకూడదు. రెండేళ్ళ కిందట జలుబు చేసిందని సొంత మేనల్లుడి పెళ్ళికే వెళ్ళనివ్వలేదు, ఇక మ్యాచ్‌కి వెళ్ళనిస్తుందా? కాబట్టి శనివారం దాకా పన్ను సంగతి దాచాలి, సోమవారం డాక్టరుకి చూపించాలి. అదీ పథకం.

గురువారం పొద్దున పెసరట్టు అంచు కొరకగానే ఆ పథకం గల్లంతయింది. పట్టపగలే చుక్కలు కనిపించాయి. నమిలితే నొప్పి, మాట్లాడితే నొప్పి. బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి, కారుతున్న కుళాయి పక్కన నిలబడి అయిదు నిమిషాలు ఆలోచించాడు. బయటికి వచ్చేసరికి మొహంలో ఎక్కడలేని భక్తి ఉంది. ఒక కాగితం మీద రాసి తారామణి చేతిలో పెట్టాడు.

‘నీ మోకాలి నొప్పి తగ్గాలని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. శనివారం సాయంత్రం నాలుగింటి దాకా మౌనవ్రతం. ద్రవాహారం మాత్రమే.’

తారామణి రెండుసార్లు చదివింది. “నాలుగింటి దాకానే ఎందుకండీ?”

‘ముహూర్తం’ అని రాశాడు.

“పాతికేళ్ళ కాపురంలో నా మోకాలు మీకు గుర్తొచ్చిందా!” అంటూ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉమాపతి మనసు చివుక్కుమంది. ఆ వెంటనే పన్ను కూడా చివుక్కుమనడంతో మనసు సంగతి మరిచిపోయాడు. ఆవిడ మోకాలికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

గురువారం, శుక్రవారం గట్టెక్కాయి. బుగ్గలో లవంగం, జేబులో నొప్పి మాత్రలు, చేతిలో మజ్జిగ గ్లాసు. మందుల షాపు వాడిచ్చిన మాత్ర వేసుకుంటే నాలుగు గంటలు స్వర్గం, తర్వాత రెండు గంటలు నరకం. స్వర్గంలో ఉన్నంతసేపూ ‘పన్ను తగ్గిపోయింది, డాక్టరు అక్కర్లేదు’ అనుకునేవాడు. నరకంలో మ్యాచ్‌ని తలుచుకుని పళ్ళ బిగువున ఓర్చుకోబోయి, అదీ కుదరక ఉత్తినే ఓర్చుకున్నాడు.

శనివారం పొద్దున అద్దంలో చూసుకుంటే కుడి బుగ్గలో బూరె దాచుకున్నట్టుంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. అయినా ఇంకెంతసేపు, పది గంటలు ఓర్చుకుంటే ఉప్పల్‌లో ఉంటాడు.

మెట్లు ఊడుస్తున్న వాచ్‌మన్ భార్య సాలమ్మ ఆయన మొహం చూసి చీపురు వదిలేసింది.

“అమ్మా, జల్ది రా! సారు దవడల సామి దిగిండు! ఆంజనేయసామి మూతి గిట్లనే ఉంటది!”

తారామణి వచ్చింది. ఆ బుగ్గ వైపు ఒకసారి తేరిపార చూసింది. లోపలికి వెళ్ళి ఎవరితోనో రెండు నిమిషాలు ఫోన్ మాట్లాడింది. మళ్ళీ వచ్చి, “నిజమే సాలమ్మా. అందర్నీ పిలువు” అంది.

అరగంటలో వీధి వీధంతా హాల్లో ఉంది. ఉమాపతిని కుర్చీలో కూర్చోబెట్టారు. అగరొత్తులు వెలిగించారు. ఎవరో తమలపాకుల దండ వేశారు. ఇంకెవరో వేడివేడి వడలు దండ గుచ్చి మెడలో వేసి, “ఒక్కటి ఎంగిలి చేయండి స్వామీ, ప్రసాదం పంచుకుంటాం” అని బతిమాలారు. ఉమాపతి ఆ కరకరలాడే వడ వైపు చూసి రెండు చేతులతో మూతి మూసుకున్నాడు. “ఎంత నిష్ఠో!” అన్నారు అందరూ.

బుచ్చిరాములు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

“ఇన్నేండ్లు నీ పక్కన కూసున్న గాని, నీల గింత భక్తి ఉన్నదని నాకెర్క లేకపాయె అన్నా! గిసుంటి టైంల నిన్ను మ్యాచ్‌కు తోల్కపోతే నాకు పాపం తగుల్తది. నువ్వు ఫికర్ చెయ్యకు. టికెట్ వేరేటోళ్ళకు ఇస్త.”

ఉమాపతి గుండె జారి వడల దండలో పడింది. లేచి నిలబడి, రెండు చేతులతో బ్యాటు పట్టుకుని ఊపి చూపించాడు. మ్యాచ్‌కి వస్తానయ్యా బాబూ అని ఆయన భావం.

“గద తిప్పుతుండు!” అని అరిచింది సాలమ్మ. హారతి వెలిగింది.

కాదు కాదన్నట్టు తల ఊపి, వికెట్ల మధ్య పరిగెత్తినట్టు నిలబడ్డ చోటే పరుగు తీశాడు.

“సముద్రం దాటుతుండు!”

చివరికి అంపైరు సిక్సర్ ఇచ్చినట్టు రెండు చేతులూ పైకెత్తాడు. సంజీవని పర్వతం ఎత్తాడని బుచ్చిరాములు సాష్టాంగపడ్డాడు. ఉమాపతి కలం కోసం వెతుక్కున్నాడు.

“కలం దాచేశానండీ,” అంది తారామణి చల్లగా. “మౌనం చివరి రోజున రాయడం కూడా దోషమట. సాలమ్మా, సింధూరం నూనెలో కలిపాను, స్వామి దవడకి దట్టంగా పట్టించు.”

సాలమ్మ చేతులు రోజూ మూడంతస్తుల మెట్లు కడిగే చేతులు. భక్తితో బొటనవేలు అదిమి ఒక్క రుద్దు రుద్దింది.

“ఓరి నాయనో! చచ్చాన్రోయ్! పన్ను! నా పన్నే! స్వామీ లేదు, గీమీ లేదు, చీము పట్టి వాచిపోయిందే తల్లీ, వదులు!”



“అగో,” అంది సాలమ్మ వేలు వెనక్కి తీసుకుంటూ, “సామి ఆంధ్రోళ్ళ మాట మాట్లాడుతుండేంది?”

తారామణి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మెడలోని దండలు తీసి, తడిగుడ్డతో సింధూరం నెమ్మదిగా తుడిచింది. “అయిందా? చెప్పులేసుకోండి. డాక్టరమ్మ పదకొండింటికి రమ్మంది.”

“నీకు తెలుసా?”

“లవంగాల డబ్బా ఖాళీ. జేబులో మాత్రల అట్ట. నాకు నొప్పి కుడి మోకాలికి, మీరు దణ్ణం పెట్టింది ఎడమ మోకాలికి. నిన్ననే డాక్టరుకి ఫోన్ చేశాను. మింగుతున్నారా, నోరు తెరుచుకుంటోందా, ఊపిరి బాగా ఆడుతోందా అని అడిగింది. మజ్జిగ చెంబెడు గటగటా తాగుతున్నారని చెప్పాను. వాపు కనిపిస్తే మాత్రం ఆ రోజే తీసుకురమ్మంది.”

“అయితే పొద్దున్నే చెప్పి తీసుకెళ్ళొచ్చుగా! ఈ జాతరంతా ఎందుకు?”

“చెబితే మీరేమనేవారు?”

ఉమాపతి నిజాయితీగా ఆలోచించాడు. “సోమవారం వెళదాం అనేవాణ్ణి.”

“అందుకే ఊరందర్నీ పిలిచాను. ఇంతమంది ముందు ఒప్పుకున్నాక వాయిదా వేయలేరుగా.” ఆ మాట అంటూనే చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. రెండు రోజులుగా ఆవిడా సరిగ్గా తినలేదని ఉమాపతికి అప్పుడు తట్టింది, సిగ్గేసింది.

నాచారం చౌరస్తాలో, మొదటి అంతస్తులో ఆమని అనే డాక్టరమ్మ క్లినిక్. ఎక్స్‌రే తీసి, వేరు కింద నల్లటి మచ్చ చూపించింది. “చీము ఇక్కడ చేరిందండీ. మీరు వేసుకున్న మాత్రలు నొప్పిని మరిపించాయి గానీ చీముని తగ్గించలేదు. ఇవాళ దాన్ని బయటికి తీసేయాలి. ఆ తర్వాత రెండు దారులు. పన్ను పీకేయడం ఒకటి. లేదంటే రూట్ కెనాల్ చేసి కాపాడుకోవడం. దానికి ఇంకో రెండు మూడు సార్లు రావాలి. ఏం చేద్దాం?”

ఉమాపతి కుర్చీలో ముందుకి జరిగాడు. “డాక్టర్, ఏది చేయించుకుంటే ఏడున్నరకి ఉప్పల్ స్టేడియంలో ఉండొచ్చు?”

డాక్టరమ్మ తారామణి వైపు చూసింది. తారామణి పైకప్పు వైపు చూసింది.

“ఏదీ కాదండీ. జ్వరం నూటొకటి ఉంది, వాపు మెడ వైపు దిగకుండా చూసుకోవాలి. ఇవాళ ఇల్లు కదలడానికి వీల్లేదు. గురువారం వచ్చుంటే చీము తీసేసి, హాయిగా మ్యాచ్ చూడండని నేనే పంపేదాన్ని.”

గురువారం! పెసరట్టు కొరికిన రోజు! మ్యాచ్ పోతుందని దాచిన పన్నే మ్యాచ్‌ని మింగేసింది. ఉమాపతికి నిజంగానే ఏడుపొచ్చింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత గేటు దాకా వచ్చిన అదృష్టాన్ని తన చేతులతో తనే తరిమేసుకున్నాడు.

“పీకమంటారా, ఉంచమంటారా?” అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

“ఉంచండి డాక్టర్. మ్యాచ్ ఎలాగూ పోయింది, పన్నన్నా మిగలనివ్వండి.”

ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు తారామణి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత పావుగంటలో చీము దిగిపోయింది. మూడు రోజుల పోటు, ఏడాది సలుపు, అన్నీ ఒక్కసారిగా వదిలేశాయి. ఉమాపతి కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఇంతేనా? ఇంత సులువా? దీనికా నేను ఏడాది ఆగాను?” అని తిమ్మిరెక్కిన మూతితో అడిగాడు. ఆ మాటలు ఎవరికీ అర్థం కాలేదు గానీ మొహం చూస్తే అందరికీ సంగతి తెలిసిపోయింది. డాక్టరమ్మ వారానికి సరిపడా మందులు రాసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మూడు గంటలకోసారి పుక్కిలించమంది. సోమవారం మళ్ళీ రమ్మంది.

సాయంత్రం అయిదింటికి జావ తాగుతున్న ఉమాపతి తల ఎత్తి చూస్తే, తారామణి చీర మీద టీమ్ చొక్కా తొడుక్కుని నిలబడి ఉంది. బుగ్గల మీద రంగు పూసుకుంది.

“నువ్వెక్కడికి?”

“బుచ్చిరాములు అన్నయ్య గారు టికెట్ నాకే ఇచ్చారండీ. వృథా చేస్తే పాపం కదా.”

“నీకు క్రికెట్ తెలుసా?”

“అరవడం తెలుసు. సాలమ్మ మీ దగ్గరే ఉంటుంది. ఏ అవసరమొచ్చినా ఫోన్ చేయండి, పది నిమిషాల్లో వచ్చేస్తా.” నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం తగ్గిందని చూసుకుని మరీ వెళ్ళింది. మోకాలు నొప్పి అన్న మనిషి మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఎనిమిదింపావుకి బంతి ఆకాశంలోకి లేచింది. డాబా మీదికి హోరు ముందొచ్చింది, టీవీలో సిక్సర్ తర్వాత పడింది. కెమెరా జనం మీదికి తిరిగింది. తెర నిండా తారామణి! రెండు చేతులతో పెద్ద అట్ట ఎత్తిపట్టుకుని గెంతుతోంది. అట్ట మీద రోడ్డవతలి నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు.

‘నాచారం ఉమాపతి గారూ! ఉప్పునీళ్ళు పుక్కిలించారా?’

కామెంటేటర్ దాన్ని గట్టిగా చదివి పడీపడీ నవ్వాడు. మళ్ళీ చదివాడు. ఇంట్లో మనిషికి కూడా తెలియకూడదని మూడు రోజులు దాచిన పన్ను సంగతి, దేశమంతా ఒకేసారి తెలుసుకుంది. ఫోన్ మోగింది. ఆఫీసు పెద్దాయన. అది పెట్టేలోపు సైనిక్‌పురి తోడల్లుడు. ఆ తర్వాత రాజోలు నుంచి పెద్దన్నయ్య, “ఏరా, పుక్కిలించావా?” అని.

సాలమ్మ వంటింట్లోంచి గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడింది. “అమ్మ గంతమంది నడుమ నిలబడి అడుగుతుంది సారూ. పుక్కిలిస్తవా, లేదా?”

“ఈ ఓవర్ అయిపోయాక...” అనబోయి ఉమాపతి టీవీ వైపు చూశాడు. కెమెరా మళ్ళీ అటే తిరిగింది. తారామణి అట్ట ఇంకా దించలేదు.

కిక్కురుమనకుండా గ్లాసు అందుకున్నాడు.