చెవిలో నో నీన్

ఆ రోజు పొద్దున తెల్లెర్వో టీచరు వేసుకున్న ప్రణాళికలో కష్టమైనదేమీ లేదు. కాఫీ తాగడం, పిహ్లా చేత మూడో తరగతికి భిన్నాల పాఠం చెప్పించడం, మధ్యాహ్నం బఠానీ సూపు తిని ఇంటికి పోవడం. ఎటొచ్చీ ఈ పాఠాన్ని ఆమె తరగతిలో కూర్చుని చూడడానికి వీల్లేదు. పక్క గదిలో తెర ముందు కూర్చుని, పాఠం చెప్పే అమ్మాయి చెవిలో మాట్లాడాలి. ఉపాధ్యాయ శిక్షణను బాగుచేయడానికి విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ సరోలా మోసుకొచ్చిన కొత్త పద్ధతి అది.

పిహ్లా కాబోయే టీచరు. కిందటి శరదృతువులో ఈ అభ్యాస పాఠశాలలోనే, పాఠం మధ్యలో నోరు పెగలక గోడవైపు తిరిగి నిలబడిపోయి, పరీక్ష తప్పింది. ఇవాళ డాక్టర్ ముందు మళ్లీ తప్పితే ఇక టీచరు కావడమన్న మాటే లేదు. ఆ సంగతి తలుచుకుని తెల్లెర్వో కాఫీ కప్పు పక్కకు జరిపింది.

"ఒక్కసారికి ఒక్క మాటే చెప్పాలి తెల్లెర్వో గారూ," అన్నాడు డాక్టర్. "ఎక్కువైతే అమ్మాయి తికమకపడుతుంది. మీరన్నది మాత్రం ఆవిడ తు.చ. తప్పకుండా చేయాలి. పద్ధతికి ప్రాణం అదే."

"నేననేదే ఒక్క మాట లెండి," అంది తెల్లెర్వో.

అది నిజం. ఆ మాట నో నీన్. ఫిన్లాండులో పని మొదలెడితే నో నీన్, ముగిస్తే నో నీన్. భేష్ అన్నా అదే, కొంప మునిగిందన్నా అదే, ఇక బయల్దేరదామన్నా అదే. మాట ఒకటే, రాగాలు వేరు. ఆ రాగాలతోనే తెల్లెర్వో జీవితమంతా పిల్లల్ని ఏలుకొచ్చింది. పిహ్లా చెవిలో దూర్చిన బఠానీగింజంత యంత్రం మాత్రం రాగాలన్నిటినీ మింగేసి, మాటనొక్కదాన్నే వదులుతుందని ఎవరికీ తోచలేదు.

తెర వెలిగేలోపు తెల్లెర్వోకి సరస్సు ఒడ్డున ఉండే తన పాత శిక్షణ కళాశాల గుర్తొచ్చింది. ఆ రోజుల్లో కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించలేనివాళ్లను టీచరు కానిచ్చేవారు కాదు. తొక్కుడు తప్పితే పాట మధ్యలో దాని ఊపిరి పోయేది. తెల్లెర్వో పాఠాలు చూడడానికి హిల్యా టీచరు వచ్చి, వెనక పిల్లల కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుని మేజోళ్లు అల్లుకునేది. పాఠం బాగుంటే సూదులు టకటకలాడేవి, దారి తప్పితే ఆగిపోయేవి. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు. ఈవిడకు నా పాఠం కంటే మేజోళ్లే ముఖ్యమని తెల్లెర్వో అప్పట్లో ఎంత ఉడుక్కుందో!

పాఠం మొదలైంది. పిహ్లా బోర్డు మీద గుండ్రంగా రొట్టె గీసి, "సగంలో సగం ఎంత?" అని అడిగింది.

"పావు!" అన్నాడు ఏలి అనే పిల్లాడు.

"నో నీన్!" అని మురిసిపోయింది తెల్లెర్వో.

అయిపోయిందనుకుని పిహ్లా బోర్డు తుడిచేసింది. ఇంకా లెక్క తేలని పిల్లలంతా గోల పెట్టారు. "నోఓ నీన్..." అని తెల్లెర్వో బుజ్జగింపుగా అంది, కంగారుపడకమ్మా అన్నట్టు. పిహ్లా చెవికి అది బయల్దేరమన్నట్టే వినిపించింది.

"లేవండి పిల్లలూ. బయటికెళ్దాం."

"ఇప్పుడా టీచర్? పాఠం మధ్యలోనా?"

"ఇప్పుడే. కోట్లు తొడుక్కోండి."

తెల్లెర్వో తెర మీదికి వంగింది. ఆగు అంటే సరిపోయేది. కానీ జీవితకాలపు అలవాటు, నోట్లోంచి మళ్లీ అదే ఊడిపడింది. "నో నీన్! నో నీన్!"

తొందరపెడుతున్నారనుకుని పిహ్లా పరుగులు పెట్టింది. చేతి తొడుగులు తారుమారై, బూట్లు ఎడమవీ కుడివీ కలిసిపోయి, తరగతి మొత్తం మంచులోకి దొర్లింది. తెర మీద ఖాళీ కుర్చీలు మిగిలాయి.

"ఇదేమిటి?" అన్నాడు పక్కనే కూర్చున్న డాక్టర్ సరోలా.

"ఆరుబయట పాఠమండీ," అంది తెల్లెర్వో, పిహ్లాను కాపాడదామని. "మాకూ కొత్త ఆలోచనలు వస్తుంటాయి."

డాక్టర్ ముఖం వెలిగిపోయింది. అంత మాట అన్నాక పిల్లల్ని వెనక్కి పిలవడానికీ లేకపోయింది. ఇంతలో బడి దద్దరిల్లేలా గంట మోగింది. హెడ్మాస్టర్ కౌకో ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో తలుపులోంచి తొంగిచూశాడు.

"ఫైర్ డ్రిల్లు ఇవాళేనని నాకు గుర్తుచేయొద్దూ తెల్లెర్వో? మూడో తరగతి బయటికి పోతుంటే చూసి గంట కొట్టాను కాబట్టి పరువు దక్కింది. పద, పద!"

"కౌకో, ఇవాళ డ్రిల్లేమీ..."

అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు. డాక్టర్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. "బడి మొత్తం పాల్గొంటోందా!" అన్నాడు, అద్దానికి ముక్కు ఆనించి.

కింద ఆరు తరగతులూ మంచులో వరసలు కట్టాయి. పిహ్లా టోపీ సర్దుకుంది. దాంతోపాటు చెవిలోది జారి మంచులో పడింది. ఆమె వంగి వెతికింది, దొరకలేదు. కిటికీలోంచి అది చూసి తెల్లెర్వో కోటు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. ఆమె చేరేసరికి పిహ్లా గోడవైపు తిరిగి నిలబడి ఉంది, అచ్చం శరదృతువులోలాగే. అయిపోయింది, పిల్ల ఈసారీ తప్పింది అనుకుంది తెల్లెర్వో. ఏడుపొచ్చినంత పనైంది. పిల్లల వెనక నిలబడి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఈ నోటితో చేసింది చాలదా?

పిహ్లా మెల్లగా ఇటు తిరిగింది. చెప్పేవాళ్లెవరూ లేరు. వరసల వంక చూసింది.

"ఇదిగో," అంది. గొంతు వణికింది, కానీ వచ్చింది. "మనమంతా కలిసి ఒక రొట్టె. సగం రొట్టె ఇటు రండి. ఆ సగంలో సగం చెట్ల దగ్గరికి. హెడ్మాస్టర్ గారూ, మీరూ రొట్టెలో భాగమే, కాస్త జరగండి."

కౌకో ఒంటి బూటుతో గెంతుతూ జరిగాడు. పిల్లలు పగలబడి నవ్వారు. "ఇప్పుడు చెట్ల దగ్గరున్నదెంత?" అంటే "పావు!" అని మూడో తరగతి మొత్తం అరిచింది, ఒకటో తరగతి కూడా అర్థం కాకపోయినా అరిచింది. పిహ్లా చేతులు ఊపుతూ రొట్టెను కోస్తూ, కలుపుతూ, మళ్లీ కోస్తూ పోయింది.

వెనక నిలబడ్డ తెల్లెర్వోకి చలే తెలియలేదు. నోటిదాకా వచ్చిన మాటను పట్టి ఉంచడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. పాపం హిల్యా టీచరు చేతులకు పని అందుకే పెట్టుకుందేమో! ఆవిడ ఒక్క మేజోడు కూడా మనసుపెట్టి అల్లి ఉండదు. ఈ మాట చెబుదామన్నా ఆవిడ ఇప్పుడు లేదు. తెల్లెర్వో కళ్లు తుడుచుకుంది.

"అద్భుతం!" అంటూ డాక్టర్ ఆయాసపడుతూ వచ్చాడు. "అలా గోడవైపు తిరిగి నిలబడిపోయిన పిల్లను ఇటు తిప్పారే! చెవిలో ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు."

"ఏమీనా?"

"చెవిలోది మంచులో పడిపోయింది డాక్టర్ గారూ. నేను నోరు మూసుకున్నాను. ముందు అమ్మాయి ప్యాసో కాదో చెప్పండి."

"ప్యాసా? ఇంత చక్కగా చెప్పిన పిల్ల ప్యాసు కాకపోతే ఇంకెవరవుతారు?" అన్నాడాయన. ఆ మాట విని పిహ్లా ఉన్నచోటే మంచులో చతికిలబడింది. డాక్టర్ మాత్రం ఆకాశం వంక చూస్తున్నాడు. "మౌనం! మన పద్ధతికి రెండో దశ అదే!"

వసంతానికల్లా, చెవిలో ఏమీ చెప్పకుండా ఉండే యంత్రం తయారు చేయించడానికి విశ్వవిద్యాలయం ఆమోదం తెలిపింది.