మూడు కాళ్ళ అజ్టెక్ రోలు

ఆగండాగండి, ఇది విని వెళ్ళండి! రెండువేల నాలుగు ఫిబ్రవరిలో ఒక ఆదివారం, బ్రాడీపేట. మిర్చి తోటలు చూడటానికి మెక్సికో నుంచి వచ్చిన సోచిల్, ప్రేమ్‌చంద్ గారింట్లో దిగింది. ఆ సాయంత్రమే తిరుగు రైలు. పొద్దున్నే పొలాలకు వెళ్తూ, మూడు కాళ్ళ చిన్న నల్లరాతి రోలొకటి ఆయన కూతురు బిందుమాధవి చేతిలో పెట్టింది. అజ్టెక్ పూర్వీకుల నుంచి తన అమ్మమ్మ దాకా వచ్చిన రోలట. "నేనొచ్చేదాకా నువ్వే కాపలా" అంది ఇంగ్లీషులో. ఏడో తరగతి బిందు ఉబ్బిపోయింది.

వంటగట్టు మీద పెట్టి స్నానానికెళ్ళి వచ్చేసరికి రోలు లేదు!

గట్టంతా పౌడర్ చల్లి వేలిముద్రలు వెతికింది. దొరికినవన్నీ తనవే. ఇక డిటెక్టివ్ పుస్తకాల్లో చదివిన నియమం అమలుచేసింది: పోయిందేమిటో ఎవరికీ చెప్పకూడదు.

"నాన్నమ్మా, చాలా విలువైంది పోయింది."

సుబ్బరావమ్మ చేతిలో గరిటె జారింది. "ఏంటే?"

"చెప్పకూడదు. వందల ఏళ్ళ నాటిది. మెక్సికో ఆంటీది."

"అమ్మో, బంగారమా!"

"నో కామెంట్."

గోడ అవతలి వీరమ్మకు చేరేసరికి అది హారమైంది. వీరమ్మ తన నిజాయితీ నిరూపించుకోవడానికి బియ్యం డబ్బా వీధిలో బోర్లించింది. టైలర్ మాలిక్ కొట్టు ముందు కాలవ మీద బండ లేపాడు. "కెంపులున్నాయా పాపా?"

"నో కామెంట్, అంకుల్!"

మూడింటికి వీధి వీధంతా కాలవలో ఉంది. ఒక స్టీలు గరిటె, నాలుగు క్రికెట్ బంతులు, నిరుడు పోయిన వీరమ్మ పళ్ళ సెట్టు దొరికాయి.

అప్పుడే సోచిల్ ఆటో ఆగింది. బిందు భోరుమంది. "హారం కాదు నాన్నమ్మా, రోలు! నన్ను నమ్మి ఇచ్చింది!"

"ఓసి పిచ్చిమొహమా, ఆ మూడు కాళ్ళదా? అరిగి నున్నగా ఉందని, వీధిలోకొచ్చిన రోళ్ళ ఆదెయ్యకిచ్చా, గాట్లు కొట్టి తెమ్మని. ఇంటికొచ్చినావిడ రోలు అట్టాగే పంపిస్తామా?"

అజ్టెక్ రాతి మీద ఉలి! ఆదెయ్య చంకలో రోలు, చేతిలో పొత్రంతో గేటు తీశాడు. "మా గట్టి రాయమ్మా. ఉలికి రెండుసార్లు సానపెట్టా."

సోచిల్ కొత్త గాట్లను వేళ్ళతో తడిమింది. కళ్ళు నిండాయి. వెళ్ళి సుబ్బరావమ్మను వాటేసుకుంది. తమ ఊళ్ళోనూ గాట్లు కొట్టే ముసలాయన ఉండేవాడట. ఆయన పోయాక, పచ్చడి నలగడం లేదని అమ్మమ్మ కడదాకా సణుగుతూనే ఉందట. బిందు ముక్కు తుడుచుకుంటూ అదంతా తెలుగులో చెప్పింది.

"ఊరుకో తల్లీ, కూర్చో" అంది సుబ్బరావమ్మ. "కొత్త గాట్లు కదా, రాతిపొడి వస్తుంది. మూడు వాయిలు బియ్యం నూరి పారెయ్యాలి. నాలుగో వాయి పండుమిరప పచ్చడి, తిని వెళ్ళు."

"నాన్నమ్మా, ఆంటీ రైలు నలభై నిమిషాల్లో ఉంది!"

సోచిల్ అప్పటికే బాసింపట్టు వేసుకుని పొత్రం అందుకుంది. బయట ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. మీరైతే రైలెక్కేవారా, నాలుగో వాయి దాకా ఆగేవారా?